పుట్టిన పాప నుంచి మూడేళ్ళ దాకా ఒకే బకిల్ క్యారియర్: అమ్మకీ, నాన్నకీ, అమ్మమ్మకీ కుదురుతుందా?

పాపని ఒంటికి కట్టుకుని మోయడానికి వాడే బకిల్ క్యారియర్ డబ్బా మీద 3.5 కిలోల నుంచి 20 కిలోల దాకా అని రాసి ఉంటుంది. కంపెనీని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ మాట ఒకటే: ఒకసారి కొంటే పుట్టిన నెల నుంచి మూడేళ్ళు దాటేదాకా ఇంకోటి అక్కర్లేదని. ఈ రివ్యూ ఏదో ఒక బ్రాండు గురించి కాదు. దళసరి నడుంపట్టీ, రెండు భుజంపట్టీలు, మధ్యలో వెడల్పూ ఎత్తూ మార్చుకునే ప్యానెల్ (పాప కూర్చునే బట్ట), వీపు మీద చిన్న క్లిప్పు ఉన్న ఆ రకం మొత్తం గురించి. పోలికకి రింగ్ స్లింగ్‌నీ (రెండు రింగులతో ఒక భుజం మీద వేసుకునే గుడ్డ), సాగే ర్యాప్‌నీ (ఒంటి చుట్టూ చుట్టుకునే పొడవాటి గుడ్డ) పక్కన పెట్టుకున్నాం.

చూసింది ప్రధానంగా ఒకే విషయం: ఒకరి ఒంటి మీంచి ఇంకొకరి ఒంటి మీదికి ఇది ఎంత తేలిగ్గా, ఎంత భద్రంగా మారుతుంది? బట్ట మెత్తదనం, జేబులు, రంగులు ఆ తర్వాతే. మామూలు రివ్యూల్లో తల్లికి సుఖంగా ఉందా లేదా అన్నదే చూస్తారు. మనిషి పిల్లని ఎప్పుడూ తల్లి ఒక్కతే మోయలేదు కాబట్టి ఆ పరీక్ష సగమే.

చింపాంజీ పిల్ల పుట్టేసరికి దాని మెదడు పూర్తి పరిమాణంలో సుమారు 40 శాతం ఉంటుంది. మన పిల్లలకి 30 శాతం కూడా ఉండదు. పైగా చింపాంజీ పిల్ల చేతివేళ్ళతో, కాలివేళ్ళతో తల్లి బొచ్చు పట్టుకుని వేలాడుతుంది. మనకి ఒంటి మీద పట్టుకునేంత బొచ్చు లేదు, పిల్ల పాదానికి పట్టుకుని వేలాడే బలమూ లేదు. అరచేతిలో వేలు పెడితే బిగించి పట్టుకోవడం మిగిలింది గానీ, అదీ ఆరు నెలల్లోపు పోతుంది. అంచేత మోసే పనంతా ఎత్తుకున్నవాళ్ళ మీదే పడుతుంది. చేతుల్లో పట్టుకుని నడిస్తే, గుడ్డతో కట్టుకుని నడిచినదానికంటే సుమారు 16 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుందని 2007లో వాల్-షెఫ్లర్ బృందం లెక్కగట్టింది. పిల్లని కట్టుకునే గుడ్డో తోలో మనిషి చేసుకున్న తొలి పనిముట్లలో ఒకటై ఉండాలన్నది వాళ్ళ వాదన. అలాంటివి మట్టిలో నిలవవు కాబట్టి తవ్వకాల్లో రుజువు దొరకడం కష్టం. తర్కం మాత్రం గట్టిదే.

రెండో సంగతి కాన్పుల ఎడం. చింపాంజీకి రెండు కాన్పుల మధ్య ఐదారేళ్ళు పడుతుంది. వేట మీదా ఏరుకు తినడం మీదా బతికే మనుషుల్లో మూడు నాలుగేళ్ళే. పెద్దవాడికి ఇంకా తిండి సంపాదించుకోవడం చేతకాదు, ఈలోగా చంకలోకి చిన్నది వచ్చేస్తుంది. తల్లి ఒక్కర్తీ దీన్ని నెగ్గుకురాలేదు. టాంజానియాలో హడ్జా జనాన్ని గమనించిన క్రిస్టెన్ హాక్స్ బృందం 1998లో ముందుకు తెచ్చిన ప్రతిపాదన ఇదే: కాన్పులు ఆగిపోయిన ఆడవాళ్ళు దుంపలు తవ్వి తెచ్చి మనవల్ని సాకడం వల్లే మనిషికి ఇంత దీర్ఘాయుష్షు స్థిరపడింది అని. దీని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. కానీ 2008లో సియర్, మేస్ 45 జనసమూహాల లెక్కలు ఒకచోట పెట్టి చూసినప్పుడు, అమ్మమ్మ ఉన్న చోట పిల్లలు బతికి బట్టకట్టే అవకాశం పెరగడం ఎక్కువ సమూహాల్లో కనిపించింది. తండ్రి ఉండటం వల్ల అంత స్పష్టమైన తేడా కనపడలేదు (తండ్రులు నొచ్చుకోనక్కర్లేదు, ఆ లెక్క పసితనంలో ప్రాణాలు నిలవడం గురించి మాత్రమే). కాంగో అడవుల్లోని ఎఫె జనంలోనైతే నాలుగు నెలల పాప పగలు సగానికి పైగా తల్లి కాకుండా వేరేవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

ముసలితనం కూడా కొత్త సరుకేం కాదు. వేటాడి బతికే సమాజాల్లో బాల్యం గట్టెక్కిన పెద్దలు ఎక్కువమంది చనిపోయే వయసు 70 ఏళ్ళ దరిదాపుల్లో ఉందని గర్వెన్, కాప్లాన్ 2007లో చూపించారు. సగటు ఆయుష్షు తక్కువగా కనిపించడానికి కారణం శిశుమరణాలు. కాబట్టి అరవై దాటిన మనిషి పిల్లని మోయడం అన్నది ఎప్పుడో ఒకప్పుడు జరిగే విషయం కాదు. క్యారియర్ తయారుచేసేవాళ్ళు మొదటి రోజే లెక్కలోకి తీసుకోవాల్సిన వాడకందారు ఆవిడ. తీసుకున్నారా అంటే, అంతగా లేదు.

ముందు బరువు లెక్క తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మగపిల్లల మధ్యస్థ బరువు పుట్టినప్పుడు 3.3 కిలోలు, ఆరు నెలలకి 7.9, ఏడాదికి 9.6, రెండేళ్ళకి 12.2, మూడేళ్ళకి 14.3. ఆడపిల్లలకి అన్నిచోట్లా కొంచెం తక్కువ. మొదటి ఆరు నెలల్లో రెట్టింపు దాటిన బరువు, మొదటి పుట్టినరోజు దాటాక ఏడాదికి రెండు, రెండున్నర కిలోల నడకలో పడుతుంది. పిల్లల ఒళ్ళు ఇలా నిదానించడానికి ఒక కారణం మెదడే. నాలుగైదేళ్ళ వయసులో ఒంటికి అందే శక్తిలో 43 శాతం దాకా మెదడే తినేస్తుందనీ, సరిగ్గా అప్పుడే ఒళ్ళు పెరిగే వేగం బాగా తగ్గుతుందనీ 2014లో కుజావా బృందం చూపింది. క్యారియర్‌కి దీంతో పనేమిటంటే, డబ్బా మీది 20 కిలోలు మామూలు పిల్లకి ఆరేళ్ళ దగ్గర పడితే గానీ రాని బరువు. ఆ హద్దు మీకెప్పుడూ అడ్డు రాదు. అడ్డొచ్చేది ప్యానెల్ కొలత. రెండు, రెండున్నర ఏళ్ళకే తొడల కింద ఆసరా సగానికి వస్తుంది, ప్యానెల్ పైఅంచు చంకల కిందికి దిగిపోతుంది. కుట్టు తెగదు, బకిల్ విరగదు, పిల్ల మాత్రం అందులో పట్టదు. మూడేళ్ళు దాటాక కూడా మోయాలనుకుంటే విడిగా దొరికే పెద్ద సైజు తీసుకోవాలి. ‘ఒకటే చాలు’ అన్న మాట ఇక్కడ ఓడిపోతుంది.

రెండో చివర, అంటే 3.5 కిలోల దగ్గర, సరుకు నాణ్యత అసలు బయటపడుతుంది. పసిపాపని చంకల కింద పట్టి పైకెత్తితే తొడలు పొట్టవైపు ముడుచుకుని కాస్త పక్కలకి విచ్చుకుంటాయి. పెద్దవాళ్ళ ఒంటికి కరుచుకోవడానికి అనువైన భంగిమ అది. తుంటి గిన్నె అప్పటికింకా మెత్తటి మృదులాస్థి. ఆ గిన్నెలో తొడ ఎముక గుండు సరిగ్గా కూర్చుని ఎదగాలంటే మొదటి ఆరు నెలలు ముఖ్యం. అందుకే మోకాళ్ళు పిర్రల కన్నా ఎత్తులో ఉండి, ఒక తొడ మోకాలి మడత నుంచి రెండో తొడ మోకాలి మడత దాకా బట్ట ఆనాలి. ప్యానెల్ వెడల్పు ఎక్కువైతే కాళ్ళు బలవంతాన పక్కలకి చాపుకుంటాయి, పిక్కలు కూడా బట్ట మీదే ఉండిపోతాయి. తక్కువైతే తొడలు నిటారుగా వేలాడి బరువంతా తొడల సందున పడుతుంది. వెడల్పుని వెల్క్రోతోనో జారే కొక్కేలతోనో మార్చుకునే రకమే తీసుకోండి. వెల్క్రో అయితే ప్యానెల్ రెండు పక్కలా సమానంగా అతికించారో లేదో చూసుకోండి. ఒకవైపు రెండు సెంటీమీటర్లు తేడా వచ్చినా పాప పక్కకి ఒరుగుతుంది, భుజంపట్టీది తప్పనుకుని దాన్ని లాగుతూ కూర్చుంటారు. లోపల దిండులా వేసే పాతకాలపు ఇన్సర్ట్‌తో వచ్చే మోడళ్ళు వద్దు. ఉక్కపోత ఎక్కువ, పాప అందులో మెడ వంచుకుని కిందికి జారిపోతుంది.

పాదాల్ని కూడా కప్పే ప్యాంట్లు, సాక్సు కలిసిన పైజమాలు వేసి క్యారియర్‌లో కూర్చోబెడితే మోకాలు మడిచినప్పుడు బట్ట పైకి లాగి వేళ్ళని నొక్కేస్తుంది. కూర్చోబెట్టాక బొటనవేలి దగ్గర బట్టని ఒకసారి ముందుకి లాగి వదులు చేయాలి. కారణం తెలియని ఏడుపు కొంత ఇక్కడే ఉంటుంది.

ఊపిరి విషయంలో రాజీ లేదు. పాప గడ్డం తన రొమ్ముకే ఆనుకుంటే శ్వాసనాళం ముడుచుకుపోతుంది, పాప ఏడవకుండానే ఊపిరి తగ్గిపోతుంది. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం 2010 మార్చిలో ఇచ్చిన హెచ్చరికలో, స్లింగ్ రకం క్యారియర్లతో ముడిపడిన మరణాలు 20 ఏళ్ళలో కనీసం 14 ఉన్నాయనీ, వాటిలో 12 మంది నాలుగు నెలల లోపు పిల్లలనీ చెప్పింది. ముఖ్యంగా వేలెత్తి చూపింది సంచీలా ఒంగి ఉండే రకాన్ని. నిటారుగా కూర్చోబెట్టే బకిల్ రకంలో ఈ ముప్పు తక్కువే గానీ, వదులుగా కట్టుకుంటే ఇందులోనూ వస్తుంది. గడ్డానికీ రొమ్ముకీ మధ్య రెండు వేళ్ళ సందు, తల ముద్దు పెట్టుకునేంత దగ్గర, ముఖం ఎప్పుడూ కంటికి కనపడుతూ ఉండటం, వీపు వెనక గట్టి ఆసరా. ఈ నాలుగూ మోసే ప్రతి మనిషికీ విడివిడిగా సరిచూడాలి. తల్లి ఒంటి మీద సరిగ్గా ఉన్న ప్యానెల్ అమ్మమ్మ ఒంటి మీద అలాగే ఉంటుందని అనుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, ఊపిరి ఇబ్బంది ఉన్నా డాక్టర్ని అడిగాకే.

చేతులు మారేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. నడుంపట్టీ మొదట వేసుకునేది, ఆఖరున విప్పేది. ఇచ్చే మనిషి మంచం అంచున కూర్చోవాలి. ఒక చెయ్యి పాప వీపు మీద ఉంచి, రెండో చేత్తో వీపు మీది క్లిప్పు, తర్వాత భుజంపట్టీలు వదులు చేసి, పాపని అందుకునేవాళ్ళ చేతికో పరుపు మీదికో చేర్చి, అప్పుడు నడుం బకిల్ నొక్కాలి. ఇద్దరూ నిలబడి, ఒకరి బకిళ్ళు విప్పుతుండగా ఇంకొకరు లాక్కోవడం అన్నది జారవిడిచే పద్ధతి. అందుకునే మనిషి నడుంపట్టీని తుంటి ఎముకల పైఅంచు మీద, నేలకి సమాంతరంగా బిగించాలి. పొట్ట కిందికి దించి కట్టుకుంటే పాప కూడా కిందికి దిగుతుంది, గడ్డం వాలుతుంది, భుజాలు నొప్పెడతాయి. మూడు ఫిర్యాదులకీ మూలం ఆ ఒక్క పట్టీయే. పాపని రొమ్ముకి ఆనించి, మోకాళ్ళ కింద రెండు చేతులూ పెట్టి తుంటిని మీవైపు కొద్దిగా తిప్పండి, పిర్రలు కిందికి కూర్చుంటాయి, వీపు సహజంగా గుండ్రమవుతుంది. తర్వాత రెండు భుజంపట్టీలూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి లాగాలి. ఒకేవైపు పూర్తిగా లాగి రెండోదానికి వెళితే ఒరుగుతుంది. వీపు క్లిప్పు మెడ దగ్గర కాదు, భుజం రెక్కల మధ్యకి దించాలి. ఆఖరున ఒక చేయి పాప వీపుకి అడ్డుపెట్టి నడుం వంచి చూడండి. పాప మీ ఒంటి నుంచి విడిపోయి ముందుకి వేలాడితే ఇంకా వదులున్నట్టే.

ఈ సర్దుబాటంతా మారినప్పుడల్లా చేయాల్సి రావడమే బకిల్ క్యారియర్ బలహీనత. నడుం, రెండు భుజాలు, క్లిప్పు ఎత్తు, కొన్నిటిలో భుజం పైన చిన్న సర్దుబాటు పట్టీలు కూడా. ఆరడుగుల నాన్న విప్పి ఇచ్చింది అమ్మమ్మ అలాగే తగిలించుకుంటే పాప గోనెసంచిలా వేలాడుతుంది. దీనికి చిన్న ఉపాయం: ప్రతి పట్టీ మీదా ఒక్కొక్కరి స్థానం బట్టల మార్కర్‌తో ఒక్కో రంగు గీత గీయండి. సూదీ దారంతో కుట్టొద్దు, బరువు మోసే పట్టీకి చిల్లు పెట్టకూడదు. పాప పెరిగే కొద్దీ గీతలు మారతాయి. మొదటి ఆరు నెలలు రెండు మూడు వారాలకోసారి సరిచూసుకుంటే చాలు, ఆ తర్వాత నెలలు గడిచినా పెద్దగా మారవు.

చిన్న ఒడ్డు పొడుగు ఉన్న పెద్దవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. భుజంపట్టీలో దూది ఉన్న భాగం పొడవెక్కువైతే, పట్టీ చివరిదాకా లాగినా బిగుసుకోదు. నడుంపట్టీలో కూడా అంతే, దళసరి చివరలు రెండూ ముందు కలుసుకున్నాయంటే ఇక బిగించడానికి మిగలదు. కొనేముందు ఇంట్లో అందరికంటే సన్నటి మనిషికి తగిలించి, బిగించాక కూడా పట్టీలో నాలుగు వేళ్ళ మేర లాగడానికి మిగిలిందా అని చూడాలి. అందరూ భర్తతో సరిచూసుకుని వస్తారు, సరిచూడాల్సింది అత్తగారితోనో అమ్మతోనో. భుజంపట్టీలు బకిల్ దగ్గర ఊడొచ్చే రకమైతే వాటిని వీపు మీద అడ్డంగా దాటించి ఎదుటి పక్క తగిలించుకోవచ్చు. పొడవు తగ్గుతుంది, బరువు వీపంతా పరుచుకుంటుంది. ముఖ్యంగా వీపు క్లిప్పు అక్కర్లేకుండా పోతుంది. భుజం పట్టేసిన వయసులో చెయ్యి వెనక్కి పెట్టి ఆ క్లిప్పు తగిలించుకోవడం జరిగే పని కాదు. పట్టీలు ఇలా అడ్డంగా మార్చుకోలేని మోడల్‌ని పెద్దవాళ్ళున్న ఇంటికి మేం సిఫార్సు చేయం.

ముందు కట్టుకుంటే సొంత పాదాలు కనపడవు. మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాల్సిందే. తూలే అలవాటున్నా, వెన్ను ఎముకలు గుల్లబారాయని తెలిసినా క్యారియర్ వద్దు. కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకోవడం కూడా పిల్లని సాకడమే. వీపున కట్టుకోవడం మెడ నిలిచి, ఆసరా లేకుండా కూర్చోగలిగాకే. చంటిపాపని అక్కకో అన్నకో తగిలించడం గురించి చాలామంది అడుగుతారు. ఎన్నో సమాజాల్లో పిల్లలే పిల్లల్ని మోశారన్నది నిజం. కానీ ఈ సరుకు పెద్దల ఒంటి కొలతకి కుట్టింది, పదేళ్ళ పిల్లకి పట్టీలు బిగవవు. పాప గడ్డం వాలిందని గుర్తుపట్టే బాధ్యత ఆ వయసు మీద పెట్టడమూ సరికాదు.

ఏడుపు తగ్గుతుందా? 1986లో హుంజికర్, బార్ చేసిన ప్రయోగంలో రోజూ అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. అమ్మేవాళ్ళు ఆ అంకె దగ్గర ఆగిపోతారు. ఆ తర్వాతి ప్రయోగాల్లో అంత ఫలితం రాలేదు, కోలిక్ (కారణం తెలియకుండా గంటల తరబడి ఏడవడం) ఉన్న పిల్లల్లో అయితే తేడాయే కనపడలేదు. ఎత్తుకుని నడవడం వల్ల అప్పటికప్పుడు కలిగే ఫలితం మాత్రం నికరమైనది. మోస్తూ నడుస్తుంటే పాప గుండె వేగం తగ్గుతుందని జపాన్ బృందం 2013లో చూపింది. అదే బృందం 2022లో ఇచ్చిన వరస ఇది: ఐదు నిమిషాలు ఆగకుండా నడవండి, నిద్ర పట్టాక 5 నుంచి 8 నిమిషాలు కదలకుండా కూర్చోండి, అప్పుడు పడుకోబెట్టండి. పాప ఉలిక్కిపడేది పరుపు తగిలినప్పుడు కాదు, పెద్దవాళ్ళ ఒంటి నుంచి విడిపోయేటప్పుడు. బకిల్ క్యారియర్‌కి ఇక్కడ ఒక మార్కు తగ్గుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ బకిల్ టక్కుమనే చప్పుడు చాలు, మళ్ళీ మొదటికి రావడానికి. బకిల్ని అరచేతిలో మూసి నొక్కితే చప్పుడు సగం తగ్గుతుంది.

రింగ్ స్లింగ్ సంగతి వేరు. సుమారు రెండు మీటర్ల గుడ్డ, రెండు రింగులు, అంతే. ఎవరు తగిలించుకున్నా అక్కడికక్కడే లాగి తమ కొలతకి తెచ్చుకుంటారు, గీతలు పెట్టే పనే లేదు. చేతులు మారడంలో ఇదే మొదటిది. కానీ గుడ్డని పైఅంచు, మధ్య, కిందఅంచు అని విడివిడిగా లాగడం చేతికి రావాలి, బరువంతా ఒకే భుజం మీద పడుతుంది, ఏడెనిమిది కిలోలు దాటాక పెద్దవాళ్ళకి కష్టం. రింగుల మీద అతుకు ఉండకూడదు. సాగే ర్యాప్ మొదటి మూడు నాలుగు నెలలకి హాయిగా ఉంటుంది. అయిదు మీటర్ల గుడ్డ విప్పి ఇంకొకరు చుట్టుకోవాలంటే మాత్రం పాప ఈలోగా ఊరుకోదు. తొమ్మిది కిలోల దగ్గర సాగి కిందికి జారుతుంది, లేబుల్ ఏం చెప్పినా సరే.

మా తీర్పు: నాలుగు నెలల నుంచి రెండేళ్ళ దాకా, ఇద్దరు ముగ్గురు మోసే ఇంట్లో, పట్టీలు అడ్డంగా దాటించుకోగలిగే బకిల్ క్యారియర్‌కి అయిదుకి నాలుగు. అడ్డంగా దాటించలేని రకానికి రెండున్నర. మొదటి నాలుగు నెలలకి రింగ్ స్లింగ్ తోడుంటే మంచిది, ఊపిరి గురించి పైన చెప్పిన నాలుగు జాగ్రత్తలతో, పాపని నిటారుగా ఉంచి. ముఖం బయటివైపు పెట్టి కూర్చోబెట్టే సౌకర్యం కోసం అదనంగా ఖర్చు చేయకండి. అలా పెడితే తొడలకి ఆసరా తగ్గుతుంది, నిద్రొస్తే తల వాలడానికి చోటుండదు. మెడ నిలిచాక కొద్దిసేపటికైతే పరవాలేదు.

లేబుల్ మీద అమెరికా ప్రమాణమైతే ఏఎస్‌టీఎం ఎఫ్2236, ఐరోపాదైతే ఈఎన్ 13209-2 చూడండి. వాడింది కొంటుంటే పట్టీలు నడుంపట్టీలోకి కలిసే చోట కుట్టు వదిలిందేమో, బకిల్ పళ్ళు తెల్లబడి పగుళ్ళు తేలాయేమో వెలుతురులో చూడండి. ప్రతి బకిల్‌నీ తగిలించి రెండు చేతులా గట్టిగా లాగండి. పట్టీని తడిపి కూడా ఒకసారి లాగి చూడండి, ఒంటి చెమటకి జారే పట్టీ అక్కడే దొరికిపోతుంది.